నాలుగు నిమిషాల ట్యూన్, రెండు నెలల హెడ్ గ్యాస్కెట్

ఈ పేజీలో మీరు నిజానికి ఒక ట్యూనర్ రివ్యూ చదువుతూ ఉండాల్సింది. అరచేతిలో పట్టే స్క్రీన్, ఒక కేబుల్, అంతే. డీజిల్ ట్రక్ డ్యాష్‌బోర్డ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి తగిలిస్తే ఇంజన్ కంప్యూటర్‌లో ఉన్న సెట్టింగ్స్ మొత్తం మార్చేస్తుంది. అన్‌బాక్సింగ్ ఫొటోలు తీశాను. మెనూలన్నీ తిరగేశాను. పదికి ఎన్ని మార్కులు వేయాలో కూడా అనుకున్నాను. ఆ తర్వాత దాన్ని పెట్టుకుని రాటన్ పాస్ ఎక్కాను.

అందుకే ఇది హెడ్ గ్యాస్కెట్ గురించిన ఆర్టికల్ అయింది. ఫోన్ల సైట్‌లో లారీ ఇంజన్ గోల ఏంటని అనుకోకండి. ఇందులో సాఫ్ట్‌వేర్ ఉంది, సెన్సర్లు ఉన్నాయి, చివర్లో ఒక ఈఎస్‌పీ32 బోర్డు కూడా ఉంది. కోడ్ మాత్రమే రాసే నాలాంటి వాడికి ఇనుము నేర్పిన పాఠం కొంచెం ఖరీదుగానే పడింది.

నా ట్రక్ 2006 మోడల్ పికప్. లోపల కమిన్స్ 5.9 లీటర్, ఆరు సిలిండర్లు వరుసగా ఉండే టర్బో డీజిల్. డాలస్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం 325 హార్స్‌పవర్, 610 పౌండ్-ఫీట్ టార్క్. కింద బ్లాక్, పైన హెడ్ రెండూ పోత ఇనుమే. మనకు ఒకప్పుడు నోకియా 3310 మీద ఎంత నమ్మకమో, అమెరికాలో డీజిల్ పిచ్చి ఉన్నవాళ్లకి ఈ ఇంజన్ మీద అంత నమ్మకం. ఎంత బాదినా ఏమీ కాదంటారు. నేనూ అదే నమ్మాను.

ట్యూన్ ఎక్కించడానికి పట్టింది నాలుగు నిమిషాలు. ప్రోగ్రెస్ బార్ నిండింది, కీ ఆఫ్ చేసి ఆన్ చేయమంది, అయిపోయింది. అంతకుముందు ఫుల్ లోడ్‌లో నా గేజ్ మీద 25 పీఎస్ఐ దరిదాపుల్లో కనిపించే బూస్ట్ ఇప్పుడు 38 దాకా పోతోంది. ఆక్సిలరేటర్ తొక్కితే సీటు వీపుని గుద్దుతోంది. ఇందులో ఒక్క స్పేర్ పార్ట్ కూడా మారలేదు. ఓవర్‌క్లాకింగ్ చేసినవాళ్లకి ఆ మజా తెలుసు.

ట్యూనర్ మాన్యువల్‌లో ఒక లైన్ ఉంది: పై లెవెల్‌లో ఉన్నప్పుడు ట్రెయిలర్ లాగవద్దు అని. చదివాను. టర్మ్స్ అండ్ కండిషన్స్ చదివినట్టు చదివాను.

రాటన్ పాస్, రాత్రి

మా రూమ్మేట్‌కి డెన్వర్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం జాయినింగ్. సామాను మొత్తం అద్దె ట్రెయిలర్‌లో వేసి నా ట్రక్‌కి తగిలించాం. డాలస్ నుంచి అమరిల్లో, డాల్‌హార్ట్ మీదుగా న్యూమెక్సికోలోని రాటన్ ఊరు, అక్కడి నుంచి ఐ-25 ఎక్కి కొలరాడోలోకి. ఆ రెండు రాష్ట్రాల మధ్య ఉన్న కనుమే రాటన్ పాస్. ఎత్తు 7,834 అడుగులు. టెక్సాస్‌లో చదునుగా ఉన్న రోడ్ల మీద అంతసేపూ ట్రక్ బంగారంలా నడిచింది. ఘాట్ మొదలయ్యాక నేను లెవెల్ తగ్గించలేదు. తగ్గించాలని గుర్తే లేదు.

సగం ఎక్కాక టెంపరేచర్ ముల్లు కదలడం మొదలైంది. పైకి వెళ్లింది, మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. హీటర్‌లోంచి ఒకసారి వేడి గాలి, ఒకసారి చల్లగాలి. కొంచెం తీపి వాసన. కూలెంట్ వాసన అలాగే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఎలాగో పైకెక్కి అవతల ట్రినిడాడ్ దాకా దిగి ఒక పెట్రోల్ బంక్‌లో ఆపాం. బానెట్ ఎత్తితే ఓవర్‌ఫ్లో డబ్బా చుట్టూ అంతా తడి. రేడియేటర్ పై గొట్టం నొక్కి చూశాను. రబ్బరు గొట్టం కాదు, పచ్చి వెదురు బొంగులా ఉంది.

"మావా, ఫోన్ అయితే ఒకసారి రీస్టార్ట్ చేసి చూసేవాళ్లం," అన్నాడు వాడు. అప్పుడు రాత్రి 11. నవ్వు రాలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు చేసే బాబాయ్ ఉన్నాడు నాకు. అక్కడ పొద్దున్న పదిన్నర. వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. అమెరికా ట్రక్ అని, కామన్ రైల్ అని, బ్రాండ్ పేర్లని నేను చెబుతుంటే ఆయన ఒక్కటే అడిగాడు. "బుడగలు వస్తన్నయ్యా లేదా?"

"అంటే ఏంటి బాబాయ్?"

"బాగా చల్లారనియ్యి. వేడి మీద మూత తీశావంటే మొహం కాలుద్ది. చల్లారాక మూత తీసి, నీళ్లు నిండా పోసి, స్టార్ట్ చేసి రేడియేటర్‌లోకి చూడు. బుడగలు ఆగకుండా వస్తా ఉంటే హెడ్ గ్యాస్కెట్ కొట్టేసినట్టే. ఇంక వెతకబాకు."

గంటన్నర ఆగి చూశాం. ఐడిల్‌లో ఒకటీ అరా వచ్చాయి. రేస్ చేస్తే సోడా సీసా కదిపినట్టు పొంగింది.

మర్నాడు వాడు అక్కడే ఒక మూవింగ్ ట్రక్ అద్దెకి తీసుకుని సామాను దాంట్లోకి మార్చుకుని వెళ్లిపోయాడు. నేను ట్యూన్‌ని స్టాక్‌కి మార్చి, ఖాళీ ట్రెయిలర్‌తో, ప్రతి 100 మైళ్లకి ఆగి నీళ్లు పోసుకుంటూ డాలస్ చేరాను. ఈ పని మీరు చేయకండి. కూలెంట్ సిలిండర్‌లోకి చేరి ఉంటే ఇంజన్ మొత్తం పోయేది.

బిగించి పట్టే పని గ్యాస్కెట్‌ది కాదు

ఇంటికొచ్చాక మొదట బ్లాక్ టెస్టర్ కొన్నాను. గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి రేడియేటర్ మూతి మీద పెడతారు. కూలెంట్‌లోకి ఎగ్జాస్ట్ గ్యాస్ చేరుతుంటే రంగు మారుతుంది. పెట్రోల్ ఇంజన్‌కి పసుపు, డీజిల్‌కి ఆకుపచ్చ. ఐడిల్‌లో పది నిమిషాలు పెట్టినా నీలమే. బాబాయ్ మాట తప్పా అనుకున్నాను. బాగా రేస్ చేసి పట్టుకుంటే మెల్లగా ఆకుపచ్చకి తిరిగింది.

అక్కడ నాకు మొదటి సందేహం వచ్చింది. చిరిగిపోయిన గ్యాస్కెట్ అయితే ఎప్పుడూ లీక్ అవ్వాలి కదా? లోడ్ మీద ఉన్నప్పుడు మాత్రమే ఎందుకు అవుతోంది?

జవాబు హెడ్ గ్యాస్కెట్ అనే పేరులోనే దాక్కుని మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. సీల్ చేసేది గ్యాస్కెట్ అనుకుంటాం. గ్యాస్కెట్ రెండు ఇనుప ముఖాల మధ్య మిగిలిన సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లని నింపుతుంది, అంతే. పట్టి ఉంచేది బోల్టులు. ఈ ఇంజన్ హెడ్‌కి 12 ఎంఎం బోల్టులు 26. లోపలి గ్యాస్ హెడ్‌ని పైకి నెట్టే బలం కన్నా బోల్టులు కిందికి లాగే బలం ఎక్కువగా ఉన్నంతసేపూ సీల్ ఉంటుంది. ఆ తేడా ఏ ఒక్క చోట చాలకపోయినా, ఆ క్షణానికి హెడ్ వెంట్రుకవాసి లేస్తుంది. గ్యాస్ దూరిపోతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ కూర్చుంటుంది. దీన్నే హెడ్ లిఫ్ట్ అంటారు. అలా లేచి కూర్చున్న ప్రతిసారీ మంట గ్యాస్కెట్‌ని కొంచెం కొంచెం కాల్చుకుంటూ పోతుంది. గ్యాస్కెట్ పోవడం ఫలితం. కారణం అంతకుముందే జరిగిపోయింది.

లెక్క వేసుకుంటే నాకు నిద్ర పట్టలేదు. ఈ ఇంజన్ సిలిండర్ బోర్ 102 ఎంఎం. అంటే హెడ్ మీద గ్యాస్ తగిలే వైశాల్యం దాదాపు 82 చదరపు సెంటీమీటర్లు, మన చెయ్యి అరచేయంత. మండేటప్పుడు లోపలి ఒత్తిడి ఒక 150 బార్ అనుకుందాం. హెడ్ మీద పడే బలం పన్నెండున్నర టన్నులు. దాన్ని 200 బార్ చేయండి, 16 టన్నులు దాటుతుంది. మన ఊళ్లో నిండా లోడ్ ఎక్కిన ఆరు టైర్ల లారీ బరువు దాదాపు అంతే. 2,400 ఆర్‌పీఎంలో ఒక్కో సిలిండర్ సెకనుకి 20 సార్లు పేలుతుంది. ఆ లారీ సెకనుకి 20 సార్లు కింది నుంచి హెడ్‌ని గుద్దుతోందన్నమాట.

మరి బూస్ట్ ఈ ఒత్తిడిని ఎంత పెంచుతుంది? గేజ్ మీద 25 నుంచి 38 అంటే సగానికి పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. గేజ్ బయటి గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోదు. దాదాపు 14.7 పీఎస్ఐ రెండింటికీ కలపాలి. అప్పుడు 39.7 నుంచి 52.7, అంటే దాదాపు 33 శాతం. ఈ ఇంజన్ కంప్రెషన్ రేషియో 17.2. లోపలికి 33 శాతం ఎక్కువ ఒత్తిడితో వచ్చిన గాలిని అదే నిష్పత్తిలో నొక్కితే, ఒక్క చుక్క డీజిల్ పడకముందే పైన ఒత్తిడి దాదాపు అంతే శాతం పెరుగుతుంది. ఆ తర్వాత ట్యూన్ పోసే అదనపు డీజిల్ సంగతి వేరే.

కానీ అందరూ బూస్ట్‌నే తిట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది. అసలు దొంగ టైమింగ్. ట్యూన్ చేసే ఇంకో పని ఏంటంటే ఇంజెక్షన్‌ని ముందుకు జరపడం. పిస్టన్ ఇంకా పైకి వస్తూ ఉండగానే మంట మొదలైపోతుంది. పైకొస్తున్న పిస్టన్ ఒకవైపు, వ్యాపిస్తున్న గ్యాస్ ఇంకోవైపు. మధ్యలో ఒత్తిడి శిఖరం పెరిగిపోతుంది. బూస్ట్ గేజ్‌లో ఇది కనపడదు. సాధారణ ఓబీడీ యాప్‌లో సిలిండర్ లోపలి ఒత్తిడి చూపించే లైనే ఉండదు. అంటే నేను ఫోన్‌లో చూసి మురిసిపోయిన గ్రాఫ్‌లో అసలు ప్రమాదం లేనే లేదు.

ఒక మాట చెప్పాలి. 38 పీఎస్ఐ బూస్ట్‌తో, ఫ్యాక్టరీ బోల్టులతో ఏళ్లుగా తిరుగుతున్న ట్రక్కులు బోలెడు ఉన్నాయి. నా దాంట్లో పాత గ్యాస్కెట్, ట్రెయిలర్ బరువు, ఆగని ఘాట్, ముందుకు జరిపిన టైమింగ్ అన్నీ ఒకే రాత్రి కలిశాయి. ట్యూనర్ పేరు రాయకపోవడానికీ ఇదే కారణం. అది చెప్పింది చెప్పినట్టే చేసింది.

బోల్టు అంటే స్ప్రింగ్

హెడ్ దించడానికి ఒక వారాంతం మొత్తం పట్టింది. ఇంజెక్టర్లు, వాటికి పక్క నుంచి డీజిల్ తెచ్చే కనెక్టర్ ట్యూబులు, రాకర్లు, మ్యానిఫోల్డ్, టర్బో, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి బోల్టునీ జిప్ కవర్లో వేసి పేరు రాసి, ఫొటో తీసి ఫోల్డర్లో పెట్టాను. గిట్ కమిట్ లాంటిదే. హెడ్ ఇద్దరం వంగి ఎత్తితే నడుములు పోయే బరువు. హాయిస్ట్ అద్దెకి తెచ్చాం.

గ్యాస్కెట్ చూడగానే అర్థమైంది. నాలుగో సిలిండర్ చుట్టూ ఉండే సీలింగ్ రింగ్ నుంచి పక్కనున్న కూలెంట్ రంధ్రం దాకా నల్లటి మసి గీత. దాని వెడల్పు పెన్సిల్ గీత కన్నా ఎక్కువ లేదు.

హెడ్‌ని ఫోర్ట్‌వర్త్ వైపు ఉన్న ఒక చిన్న మెషిన్ షాప్‌కి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన మొదట చేసింది స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చడం. నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి. వేడెక్కిన హెడ్ వంగుతుంది. ఇంచ్‌లో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది ఆ వంపు, కంటికి తెలియదు. నాది కొంచెం వంగింది. పల్చగా మిల్లింగ్ చేయాలన్నాడు.

మిల్లింగ్ చేస్తే హెడ్ ఆ మేరకు పలచబడుతుంది. వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. కంప్రెషన్ కూడా కొంచెం పెరుగుతుంది. అందుకని ఈ ఇంజన్‌కి గ్యాస్కెట్ మామూలు మందంలోనే కాక 10 వేల వంతులు, 20 వేల వంతుల ఇంచ్ ఎక్కువ మందంలో కూడా దొరుకుతుంది. ఎంత కోస్తే అంత కలుపుకోవచ్చు. ఎవడో ఇంజనీర్ ఎప్పుడో రిపేర్ చేసేవాడి గురించి ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది. బ్యాటరీని జిగురుతో అతికించే ఫోన్ కంపెనీలు గుర్తొచ్చాయి.

నునుపు కూడా ముఖ్యమే. ఇప్పటి గ్యాస్కెట్లు ఎక్కువగా ఎంఎల్ఎస్ రకం. పల్చటి స్ప్రింగ్ స్టీల్ రేకులు పొరలుగా ఉంటాయి. సిలిండర్ చుట్టూ ఆ రేకుల్లో చిన్న ఉబ్బు గీత వేసి ఉంటుంది. నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. హెడ్ వెంట్రుకవాసి కదిలినా కొంతవరకు వెంట వస్తుందన్నమాట. కానీ పైపూత చాలా పల్చన, కాబట్టి ముఖం గరుకుగా ఉంటే కుదరదు. గ్యారేజీలో గ్రైండర్‌కి స్కాచ్‌బ్రైట్ బిళ్ల తగిలించి పాత గ్యాస్కెట్ గీకేసేవాళ్ల వీడియోలు బోలెడు చూస్తాం. పెద్దాయన అది చూపిస్తే తల పట్టుకున్నాడు. ఒకచోట ఎక్కువ రుద్దితే గుంట పడుతుంది. ఆ పొడి ఇంజన్‌లోకి పోతే బేరింగులు తినేస్తుంది.

ఇక బోల్టుల సంగతి. నేను చిన్నప్పటి నుంచీ బోల్టు అంటే మేకుకి అన్న అనుకున్నాను. కాదు, అది స్ప్రింగ్. బిగించినప్పుడు సాగుతుంది. ఈ సైజు బోల్టులు సాగేది అర మిల్లీమీటర్ దరిదాపుల్లో మాత్రమే. అది వెనక్కి లాగే బలమే హెడ్‌ని పట్టుకునేది. మనకు కావాల్సింది ఆ సాగుడు. మన చేతిలో ఉన్న టార్క్ రెంచ్ కొలిచేది మాత్రం తిప్పడానికి పట్టిన బలం. ఆ బలంలో దాదాపు సగం తల కింద రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం థ్రెడ్‌ల రాపిడికి. సాగదీయడానికి మిగిలేది పదో వంతు. అంటే థ్రెడ్‌లో కొంచెం తుప్పో, వేరే రకం నూనో ఉంటే రెంచ్ టిక్కుమంటుంది కానీ బోల్టు సాగి ఉండదు. యాప్ క్రాష్ కాలేదు కాబట్టి డేటా సరిగ్గా ఉందనుకోవడం లాంటిది. ఫ్యాక్టరీ వాళ్లు అందుకే కొంత టార్క్‌కి బిగించి ఆపైన ఇంత కోణం తిప్పమని చెబుతారు. కోణానికి రాపిడితో పని లేదు.

స్టడ్డా, ఓ-రింగా, ఫైర్ రింగా

ఇక్కడ నేను డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సి వచ్చింది. హై బూస్ట్ మనుషులు దీని గురించి గంటలు గంటలు కొట్టుకుంటారు.

మొదటిది, బోల్టుల బదులు స్టడ్స్. ఏఆర్‌పీ అనే అమెరికన్ కంపెనీవి ఈ ప్రపంచంలో బాగా ప్రసిద్ధి. స్టడ్ అంటే రెండు వైపులా థ్రెడ్ ఉన్న కడ్డీ. బ్లాక్‌లో చేత్తో తిప్పి దించుతారు, పైన నట్ బిగిస్తారు. బోల్టు తిరుగుతూ సాగుతుంది కాబట్టి మెలి పడే ఒత్తిడి కూడా దాని మీదే. స్టడ్ తిరగదు, నట్ తిరుగుతుంది, కడ్డీ నిలువుగా సాగుతుంది అంతే. పైగా నట్ వైపు థ్రెడ్ సన్నగా ఉంటుంది, బ్లాక్ ఇనుములో ఉన్న ముతక థ్రెడ్ మీద తిప్పుడు రాపిడి ఉండదు. ఏఆర్‌పీ 2000 అనే లోహానికి తట్టుకునే బలం చదరపు ఇంచ్‌కి 2,20,000 పౌండ్లు. ఇంకా పైది కస్టమ్ ఏజ్ 625 ప్లస్, 2,60,000. రెండోది ధరలో మన ఫ్లాగ్‌షిప్ ఫోన్‌లాగే ఉంటుంది.

దాని పైన 14 ఎంఎం స్టడ్స్ ఉన్నాయి. సాగే అడ్డుకోత వైశాల్యం 12 ఎంఎంకి 84 చదరపు మిల్లీమీటర్లయితే 14కి 115. మూడో వంతు కన్నా ఎక్కువ లాభం. కానీ బ్లాక్‌లో రంధ్రాలు పెద్దవి చేసి కొత్త థ్రెడ్ వేయాలి. ఒక్కటి వంకర పోయిందంటే బ్లాక్ పోయినట్టే.

ఓ-రింగ్ చేయడం వేరే దారి. సిలిండర్ చుట్టూ సన్నటి గాడి కోసి అందులో స్టీల్ తీగ కూర్చోబెడతారు. తీగ ముఖం పైకి ఇంచ్‌లో కొన్ని వేల వంతులు పొడుచుకొచ్చి ఉంటుంది. బోల్టుల బలం మొత్తం ఆ గీత మీద ఎక్కువగా పడి గ్యాస్కెట్‌ని అక్కడ గట్టిగా నొక్కుతుంది. ఫైర్ రింగ్ దీనికి పెద్దన్న. గ్యాస్కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉన్న భాగాన్ని కోసేసి, దాని స్థానంలో లావుపాటి స్టీల్ రింగ్‌ని గాడిలో పెట్టి హెడ్డుకీ బ్లాక్‌కీ మధ్య నలగనిస్తారు. ట్రాక్టర్ పుల్లింగ్, డ్రాగ్ రేస్ ఇంజన్లకి ఇదే. వినగానే నాకు నోరూరింది. ఎక్కువ బలం అంటే ఎక్కువ మంచిది కదా?

పెద్దాయన ఒప్పుకోలేదు. బలం అదనంగా పుట్టదు, ఉన్న బలాన్నే ఒక చోటికి పోగు చేస్తున్నావు అన్నాడు. రింగ్ మీద ఎక్కువ పడితే దాని బయట ఉన్న కూలెంట్, ఆయిల్ రంధ్రాల దగ్గర తక్కువ పడుతుంది. రేస్ ఇంజన్‌కి అది ఫర్వాలేదు, ప్రతి సీజన్‌లో విప్పుతారు. రోజూ ఆఫీసుకి తిరుగుతూ వేడెక్కి చల్లారే ట్రక్‌లో ఏదో ఒక మూల నుంచి కూలెంట్ చెమటలా కారడం మొదలవుతుంది. పైగా ఫైర్ రింగ్ పెడితే కొన్నిసార్లు నడిపాక మళ్లీ విప్పి రీటార్క్ చేయాలి.

"నువ్వు దీనితో ఏం చేస్తావు?" అని అడిగాడు చివరికి. ట్రెయిలర్ లాగుతాను, ఆఫీసుకి వెళ్తాను అన్నాను. "అయితే స్టడ్స్ వెయ్యి, గ్యాస్కెట్ కొత్తది వెయ్యి, ఆ పెట్టె కట్టెయ్యి," అన్నాడు. పెట్టె అంటే ట్యూనర్.

12 ఎంఎం స్టడ్స్ తీసుకున్నాను, ఏఆర్‌పీ 2000 రకం. ఇంకోటి, నా ఇంజన్‌లో బ్లాకూ హెడ్డూ ఒకే లోహం కాబట్టి రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. ఇనుప బ్లాక్ మీద అల్యూమినియం హెడ్లుండే డ్యూరామాక్స్ లాంటి ఇంజన్లలో ఆ తేడాని కూడా గ్యాస్కెట్టే భరించాలి.

బిగించిన రోజు

బ్లాక్‌లో ఉన్న 26 రంధ్రాలు శుభ్రం చేయడానికే సగం రోజు పోయింది. హెడ్ దించేటప్పుడు కూలెంట్ వాటిలోకి కారుతుంది. అడుగున ద్రవం మిగిలి ఉండగా స్టడ్ తిప్పితే ఆ ద్రవానికి పోయే చోటు ఉండదు. హైడ్రాలిక్ జాక్‌లా పనిచేసి బ్లాక్‌నే పగలగొట్టగలదు. థ్రెడ్ చేజర్ తిప్పి, బ్రేక్ క్లీనర్ కొట్టి, కంప్రెసర్ గాలి ఊది, ఒక్కో రంధ్రంలోకి టార్చ్ వేసి చూశాను. పదిహేడో రంధ్రంలో ఇంకా తడి కనిపించింది. మళ్లీ మొదటి నుంచి అన్నీ చూశాను.

స్టడ్స్‌ని చేత్తోనే దించాలి, రెంచ్ వాడకూడదు. నట్‌కీ వాషర్‌కీ వాళ్లిచ్చిన లూబ్రికెంటే రాయాలి. వాళ్లు చెప్పిన టార్క్ అంకె ఆ లూబ్రికెంట్ రాపిడిని లెక్క వేసి ఇచ్చింది. ఇంజన్ ఆయిల్ రాస్తే అంకె అదే, బలం వేరు. తుది అంకె 125 పౌండ్-ఫీట్, మూడు విడతల్లో. మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులకీ సర్పిలంలా బయటికి వెళ్లాలి. చపాతీ పిండిని మధ్య నుంచి ఒత్తుకుంటూ పోయినట్టు.

మూడో విడతలో నా చేతులు వణికాయి. 125కి రెంచ్ టిక్కుమన్న ప్రతిసారీ ఇనుము కిర్రుమంటుంది. ఒక నట్ మిగతా వాటికన్నా తొందరగా టిక్కుమంది. రెంచ్ ఓకే అంది, చెయ్యి కాదంది. విప్పి చూస్తే వాషర్ కింద లూబ్రికెంట్ రాయడం మర్చిపోయాను. తుడిచి, రాసి, మళ్లీ మూడు విడతల్లో బిగించాను. ఈసారి మిగతా వాటిలాగే ఇంకో పావు చుట్టు దాకా తిరిగింది. అంత తేడా! మొత్తం ఉద్యోగంలో నాకు ఎక్కువ భయం వేసింది ఆ పావు చుట్టు చూసినప్పుడు.

ఫోన్‌లో లేని ఆ లైన్

రెండు నెలల తర్వాత ట్రక్ స్టార్ట్ అయింది. పొగ లేదు, బుడగల్లేవు. కానీ రాటన్ రాత్రి నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. హెడ్ లేస్తే ముందు తెలిసేది ఎక్కడ? టెంపరేచర్ ముల్లు కదిలేసరికి ఆలస్యం అయిపోతుంది. ముందుగా పెరిగేది కూలెంట్ ఒత్తిడి. ఆ సమాచారం నా ట్రక్ ఓబీడీలో లేదు.

ఇదిగో గ్యాడ్జెట్ భాగం. 0 నుంచి 30 పీఎస్ఐ ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి కొని, కూలెంట్ లైన్‌లో టీ వేసి బిగించాను. దాని అవుట్‌పుట్ 0.5 నుంచి 4.5 వోల్టులు, ఈఎస్‌పీ32 పిన్ తట్టుకునేది 3.3. కాబట్టి మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజ్ డివైడర్ పెట్టాను. బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపి, ఓబీడీ డాంగిల్ నుంచి వచ్చే బూస్ట్, టెంపరేచర్‌తో కలిపి ఒకే గ్రాఫ్‌లో గీయిస్తున్నాను. ఈఎస్‌పీ32 అనలాగ్ రీడింగ్ కొంచెం వంకరగా ఉంటుంది, సైకిల్ పంపు మీటర్‌తో పోల్చి సరిచేసుకోవాల్సి వచ్చింది.

చూడాల్సింది అంకె కాదు, ఆకారం. నీళ్లు వేడెక్కుతుంటే ఒత్తిడి కూడా మెల్లగా, టెంపరేచర్ వెంట నడుస్తుంది. అది మామూలే. అలా కాకుండా బూస్ట్ లేచినప్పుడల్లా కూలెంట్ ఒత్తిడి కూడా దాంతోపాటే గంతు వేసి, బూస్ట్ తగ్గినా దిగకుండా మెట్లు మెట్లుగా ఎక్కుతుంటే సిలిండర్‌లోంచి గ్యాస్ వస్తోందని అర్థం. రేడియేటర్ మూత 15 పీఎస్ఐ దరిదాపుల్లో వదిలేస్తుంది కాబట్టి నేను 13 దగ్గర బజర్ పెట్టాను.

ట్యూనర్‌ని కట్టేయలేదు. పెద్దాయనకి తెలియనక్కర్లేదు. టోయింగ్ లెవెల్ మాత్రమే వాడుతున్నాను. దాంట్లో బూస్ట్ 30 దాటదు, టైమింగ్ దాదాపు ఫ్యాక్టరీ దగ్గరే. స్టడ్స్ వేశాం కదా అని పై లెవెల్ ఒక్కసారి పెట్టి చూడాలని చెయ్యి గుంజుతుంది. స్టడ్స్‌తో హెడ్ ఆగుతుందేమో, పిస్టన్ల సంగతి ఎవరు చూశారు?

పోయిన నెల డెన్వర్ వెళ్లాను, అదే ట్రెయిలర్ సైజు, లోపల వాడి మిగిలిపోయిన సోఫా, పుస్తకాలు. ఘాట్ మొదలవ్వగానే ఫోన్‌ని డ్యాష్‌బోర్డ్ మీద నిలబెట్టాను. బూస్ట్ 28, 29 మధ్య ఆడుతోంది. కూలెంట్ ఒత్తిడి గీత 7 దగ్గర మొదలై, ఎక్కుతున్న కొద్దీ సాపుగా 11కి చేరింది. గంతులు లేవు. పైన సమ్మిట్ బోర్డు దాటాక బాబాయ్‌కి ఆ స్క్రీన్‌షాట్ పంపాను.

"గీత బాగానే ఉందిగానీ, మూత తీసి చూశావా?" అని రిప్లై ఇచ్చాడు.

ట్రినిడాడ్‌లో అదే బంక్‌లో ఆపి, గంటన్నర చల్లారనిచ్చి, తీసి చూశాను. బుడగల్లేవు.